అల్లుడు గారు బిగించిన బ్రేకు

మా మామయ్య గారు ఒక వానాకాలమంతా బండిని కాళ్ళతో ఆపుతూ తిరిగారు. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉంది. కుడిచేత్తో లివరు నొక్కితే ఆగాలి. ఆగేది కాదు. ఆ బ్రేకు విప్పి, కడిగి, కొత్త రబ్బర్లు వేసి బిగించింది నేను. అది పనిచేయడం లేదని ఆయనకు తెలుసు, అత్తయ్య గారికి తెలుసు. నాకు మాత్రం తెలియదు. అల్లుడు చేసిన పనికి వంక ఎలా పెడతామని ఇద్దరూ ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం చివరికి ఆయన కాలి మీదికి వచ్చింది.

నేను నందిగామలో ఉంటాను. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. అత్తగారి ఊరు పెనుగంచిప్రోలు. మామయ్య గారిది కొద్దిపాటి సేద్యం, పత్తి ఒక చెక్క, మిర్చి ఒక చెక్క. నాకు రెండు జబ్బులున్నాయి. ఇంట్లో ఏది పాడైనా దాన్ని విప్పకుండా ఉండలేకపోవడం మొదటిది. నేను బిగించినదాన్ని ఎవరైనా బాగాలేదంటే ఒళ్ళు మండిపోవడం రెండోది. మొదటిదాన్ని మా ఆవిడ భరించగలదు. మిక్సీ మోటారు డైనింగ్ టేబుల్ మీద వారం రోజులు పడి ఉన్నా పక్కకు జరిపి కంచం పెట్టుకుంటుంది. రెండోదాన్ని భరించడం తన వల్ల కాదని పెళ్ళైన కొత్తల్లోనే చెప్పేసింది. నేను నవ్వేసి ఊరుకున్నాను. మగవాళ్ళం ఇలాంటివి పొగడ్తలుగా తీసుకుంటాం.

కుళాయి సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. బ్రేకు కంటే ముందు కుళాయి ఉంది. అత్తగారింటి పెరట్లో మోటారు పంపుకి ఉన్న కుళాయి కారుతుంటే నేనే వాషరు మార్చాను. మళ్ళీ వెళ్ళినప్పుడు భోజనాల దగ్గర నలుగురు చుట్టాలున్నారు. నాటుకోడి కూర వడ్డించారు. మామయ్య గారు మంచి హుషారులో ఉండి, అల్లుడు గారు బిగించిన కుళాయి ఆయన మీద బెంగతో కన్నీళ్ళు పెడుతోందని అన్నారు. అందరూ నవ్వారు. అందులో ఎగతాళి లేదు, ముద్దుగా అన్న మాట. కానీ నాకు నవ్వు రాలేదు. పళ్ళెంలో చెయ్యి కడిగేసుకుని లేచాను. కూర అలాగే ఉంది. అత్తయ్య గారు వీధి గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయారు. మా ఆవిడ వచ్చి బండెక్కింది. ఆ తర్వాత చాలా రోజులు నేను ఆ ఊరి వైపు చూడలేదు.

మా వైపు అల్లుడి అలకంటే పెళ్ళిలో ఒక వేడుక. కొత్త పెళ్ళికొడుకు మూతి ముడుచుకుంటే బతిమాలడం, అందరూ నవ్వుకోవడం. మా చర్చి పెళ్ళిళ్ళలో ఆ తంతు లేకపోయినా ఆ హక్కు మాత్రం అల్లుళ్ళెవరూ వదులుకోలేదు. కానీ పెళ్ళై అన్నేళ్ళయ్యాక, నడివయసు మీద పడ్డాక అలగడం ఏ వేడుకలోకీ రాదు. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం మామయ్య గారు ఒక సంచీ నిండా మామిడికాయలు మోసుకుని నందిగామ బస్సు దిగి మా ఇంటికి వచ్చి, మీరు వేసిన వాషరే బాబూ, ఇప్పుడు ఒక్క చుక్క కారట్లేదు అంటే నేను పెద్ద మనసు చేసుకుని క్షమించాను. వెళ్ళి చూస్తే పెరట్లో కుళాయే కొత్తది. ఇత్తడి తళతళలాడుతోంది. అది కొత్తదని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇద్దరం దాని కింద చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాం.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నేను కొత్త బండి కొనుక్కుని నా పాతది మామయ్య గారికి ఇచ్చాను. ఆయన పాత మోపెడ్ దారి మధ్యలో ఆగిపోతోంది. నా బండికి వయసైనా ఇంజను మంచిది. ఒక్కటే లోపం, ముందు బ్రేకు పట్టేసింది. చాలా రోజులు వానలో ఉండటం వల్ల కాలిపర్ లోపల తుప్పు పట్టింది. కాలిపర్ అంటే చక్రానికున్న డిస్కుని పటకారులా రెండు వైపులా పట్టుకునేది. లివరు నొక్కితే ఆయిలు వచ్చి లోపలున్న పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ ప్యాడ్లని తోస్తుంది, ప్యాడ్లు డిస్కుని నొక్కుతాయి. వదిలితే పిస్టన్ వెనక్కి రావాలి. నా బండికి రావడం లేదు. చక్రం తోస్తే ఈడ్చుకుపోతున్నట్టు తిరిగేది.

జగ్గయ్యపేటలో మెకానిక్కి ఇద్దామని మామయ్య గారు అన్నారు. నేనుండగా మెకానిక్కు ఎందుకన్నాను. పాస్కల్ సూత్రం ఏటా పిల్లలకి చెప్పేవాణ్ణి, ఆ సూత్రం మీద నడిచే వస్తువుని ఇంకొకరి చేతిలో పెడతానా? వేసవి సెలవులు. ఫోన్లో వీడియోలు చూశాను. జగ్గయ్యపేట వెళ్ళి కొత్త రబ్బరు సీళ్ళ కిట్టు, బ్రేక్ ఆయిలు డబ్బా కొనుక్కొచ్చి, అత్తగారింటి వసారాలో గోనెపట్టా పరిచి కూర్చున్నాను.

ఆ పూట నేను సుఖపడ్డంత ఎప్పుడూ సుఖపడలేదు. అది కూడా చెప్పుకోవాలి. మామయ్య గారు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. అత్తయ్య గారు మజ్జిగ తెచ్చి పెట్టారు. ఆయిలు గొట్టం విప్పి డబ్బాలోకి వదిలాను. ప్యాడ్లు లాగేశాను. పిస్టన్ ఒక పట్టాన రాలేదు, బండికి గాలి కొట్టే పంపు పెట్టి కొడితే టప్పున వచ్చి గోనెపట్టా మీద పడింది. మామయ్య గారు చప్పట్లు కొట్టారు. దాన్ని ఎమరీ పేపరుతో రుద్ది రుద్ది అద్దంలా చేశాను. లోపలి గాడిలో ఉన్న పాత రబ్బరు రింగుని గుండుసూదితో పైకి లేపాను. ఆ రింగు గురించి మామయ్య గారికి ఒక పాఠమే చెప్పాను. చూడ్డానికి పసిపిల్ల చేతి గాజంత ఉంటుంది కానీ అది రెండు పనులు చేస్తుందని, ఆయిలు బయటికి రాకుండా కాస్తుందని, బ్రేకు వెయ్యగానే తను కొంచెం మెలితిరిగి, వదలగానే మళ్ళీ నిటారుగా అయ్యి పిస్టన్‌ని వెనక్కి లాక్కుంటుందని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. దేవుడు మనిషికి ఓర్పు అట్టాగే పెట్టాడు బాబూ, మెలితిరిగినా మళ్ళీ నిలబడాలి అన్నారు. నాకు అది వినసొంపుగా ఉంది. ఓర్పు ఎవరిదో, మెలితిప్పేది ఎవరో నేను ఆలోచించలేదు.

కొత్త రింగు వెయ్యబోయే ముందు శుభ్రంగా ఉండాలని పెట్రోల్లో కడిగాను. గాడిలో సులువుగా కూర్చోవాలని పక్కింటి ట్రాక్టరు గ్రీజు దట్టంగా పూశాను. ఆ రెండు పనులూ ఎంతో మనసు పెట్టి చేశాను. కిట్టు కవరు మీద ఏదో చిన్న అక్షరాల్లో ఉంది కానీ చదవలేదు. పిల్లలకి ప్రశ్న రెండుసార్లు చదివి జవాబు రాయమని చెప్పే మనిషిని నేను.

అంతా బిగించి, ఆయిలు పోసి, లోపలి గాలంతా పోయేదాకా లివరు నొక్కుతూ కూర్చున్నాను. చివర్లో నా చొక్కా జేబులోంచి వైట్‌నర్ పెన్ను తీసి, కాలిపర్ బోల్టు మీదుగా ఇనుము మీదికి ఒక తెల్లగీత గీశాను. అది వీడియోలో చూసిందే. బోల్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. నేను దానికి ఇంకో ఉపయోగం కూడా చెప్పాను. మామయ్య గారూ, ఎవరైనా మెకానిక్కు దీని మీద చెయ్యి వేస్తే నాకు తెలిసిపోతుందండీ అన్నాను. తమాషాకే అన్నాను. ఆయన తమాషాగా తీసుకున్నట్టే తల ఊపారు.

బండి వీధిలోకి తీసి నడిపి లివరు నొక్కితే టక్కున ఆగింది. ఇల్లలకగానే పండగ కాదంటారు గానీ ఆ రోజు ఆ ఇంట్లో పండగే. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు నిలబడి మామయ్య గారు కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పారు. మా అల్లుడు గారు చేశారండీ, కంపెనీవాళ్ళు కూడా అంత బాగా చెయ్యరు అని. నేను కొంచెం దూరంగా నిలబడి, వినిపించనట్టు మొహం పెట్టాను.

వానలు మొదలయ్యాక నాకు కొన్ని కనిపించాయి. కనిపించడం వేరు, చూడటం వేరు అని ఇప్పుడు అనుకుంటున్నాను.

మామయ్య గారి చెప్పులు త్వరత్వరగా మారిపోయేవి. వెళ్ళినప్పుడల్లా గుమ్మంలో కొత్త జత. మామయ్య గారికి ఈ వయసులో షోకు పుట్టిందని ఆటపట్టించాను. కుర్రతనంలో కుదరలా బాబూ, ఇప్పుడు తిరుగుతున్నా అని ఆయన నవ్వారు. జగ్గయ్యపేట సంతకి వెళ్ళాలంటే అత్తయ్య గారు ఆటో ఎక్కేవారు, ఆయన వెనకాలే బండి మీద వెళ్ళేవారు. ఇద్దరూ ఒక్క ఊరికే పోతూ ఇదేం విడ్డూరం, దెబ్బలాడుకున్నారా అని అడిగాను. అత్తయ్య గారు నవ్వి, బండి వెనక కూర్చుంటే నడుం నొప్పి బాబూ అన్నారు. ఆ మాటకి నేను ఒక నూనె పేరు కూడా చెప్పాను.

ఒక ఆదివారం పాస్టరు గారు నన్ను ఆపారు. ఆయన బండికి కూడా ముందు బ్రేకు పట్టేస్తోందట. మామయ్య గారు అంత పొగిడారు కదా, నన్నొకసారి చూడమన్నారు. నేను సరేనని నోరు తెరిచేలోపు మామయ్య గారు మధ్యలోకి వచ్చేశారు. అల్లుడు గారికి స్కూలు పరీక్షలండీ, తీరిక ఉండదు, మీరు పేటలోనే చూపించుకోండి అని పాస్టరు గారి భుజం మీద చెయ్యేసి అవతలికి తీసుకుపోయారు. అప్పుడు పరీక్షలు లేవు. నాకు చిరాకేసింది. దేవుని సేవకుడికి ఉపకారం చేసే అవకాశం పోగొట్టారని ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర గొణిగాను. ఆ రోజు ఆయన ఒక మనిషి ప్రాణం కాపాడారు. నా పరువూ కాపాడారు. రెండూ ఒక్క అబద్ధంతో చేశారు.

వెళ్ళిన ప్రతిసారీ నేను బండి పక్కన గొంతుకూర్చుని తెల్లగీత చూసేవాణ్ణి. చెక్కుచెదరలేదు. లివరు నొక్కితే గట్టిగానే ఉండేది. చూశారా మామయ్య గారూ, అనేవాణ్ణి. చూస్తున్నా బాబూ అనేవారు.

పత్తి తీతలప్పుడు ఒక పొద్దున ఫోనొచ్చింది. జగ్గయ్యపేట ఇంకా రాకముందే, పత్తి బోరాల ట్రాక్టరు ఒకటి మలుపులోంచి రోడ్డు మీదికి వచ్చింది. మామయ్య గారు వెనక బ్రేకు తొక్కారు. అది ఒక్కటే ఆ భారమంతా మోసి మోసి అప్పటికే అరిగిపోయి ఉంది. ఎప్పటిలాగే కాళ్ళు రెండూ కింద పెట్టి ఆపబోయారు. కుడిపాదం మడతపడి బండి కింద ఇరుక్కుంది. చీలమండ ఎముక విరిగింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఫోన్లో చెప్పింది మాత్రం, కుక్క అడ్డమొచ్చిందని.

నేనూ మా ఆవిడా వెళ్ళేసరికి పేటలో ఎముకల డాక్టరు దగ్గర మంచం మీద ఉన్నారు. నన్ను చూడగానే లేచి కూర్చోబోయారు. అంత నొప్పిలో కూడా అల్లుడికి లేవాలి. కుక్క అడ్డమొచ్చింది బాబూ అన్నారు, నేను అడగక ముందే. నాకు కుక్కల మీద కోపం వచ్చింది. మున్సిపాలిటీ వాళ్ళని తిట్టాను. వీధికుక్కల గురించి అక్కడున్న నర్సుకి కూడా ఒక ఉపన్యాసం ఇచ్చాను. అత్తయ్య గారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఏడుస్తున్నారనుకున్నాను.

కట్టు కట్టేటప్పుడు నర్సు ఆయన చెప్పులు ఒక కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. వారం క్రితం నేను చూసిన కొత్త జతే. తిరగేసి చూశాను. ఎందుకు తిరగేశానో తెలియదు. మడమల దగ్గర అట్ట అరిగి పల్చగా అయిపోయింది, కుడిదానికి చిల్లు పడింది. నడిస్తే చెప్పులు అట్లా అరగవు. నాకప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు. అర్థం కానివ్వలేదేమో.

మా ఆవిడ నన్ను వరండాలోకి పిలిచింది. తన మొహం చూడగానే ఏదో ఉందని తెలిసింది.

"అమ్మ ఇప్పుడే చెప్పింది. మీకు చెప్పొద్దంది. నేను చెబుతున్నా" అంది. "కుక్కా లేదు, ఏం లేదు. వానలు మొదలైన కాణ్ణించీ ముందు బ్రేకు పడట్లేదంట."

గీత చెదరలేదు కదా అన్నాను. నా నోట్లోంచి ముందు వచ్చిన మాట అది.

"ఎట్టా చెదురుద్ది? ఎవర్నీ ముట్టుకోనివ్వలా. మీరొస్తున్నారని తెలిస్తే పొద్దున్నే లేచి, కారిన ఆయిలు గుడ్డతో తుడిచి, డబ్బా తీసి మళ్ళీ ఆయిలు పోసి, లివరు పిండి పిండి గట్టిపడేదాకా కూర్చునేవాడంట నాన్న. మీరు నొక్కి చూస్తారని."

ఒక్క మాట నాతో చెబితే ఏం పోయిందన్నాను.

"చెబితే మళ్ళీ పళ్ళెంలో చెయ్యి కడుక్కుంటారని. ఆ రోజు మనం వచ్చేశాక అమ్మ రెండు పూటలు అన్నం తినలా. కుళాయికే అంత చేశారు, బ్రేకంటే ఏం చేస్తారోనని భయపడ్డారు." చీర కొంగు దోపుకుని, "నాన్నది కూడా బుద్ధి తక్కువ పనే. అమ్మని ఆటోలో పంపి తను దాని మీద ఊరేగాడు. నాకు మీ ఇద్దరి మీదా కోపంగా ఉంది. కానీ కాలు విరిగింది ఆయనది కాబట్టి, మీ మీద ఎక్కువ ఉంది" అంది.

తల కొట్టేసినట్టయింది. పాఠం చెబుతూ ఎప్పుడైనా తప్పు చేస్తే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకుంటారు. సారుకి కోపమొస్తుందని. ఆ మౌనం నాకు తెలుసు. నేను దాన్ని మర్యాద అనుకుంటూ వచ్చాను. ఆ వరండాలో నిలబడితే నాకు ఒకటి తేటతెల్లమైంది. నన్ను ఆ ఇంట్లో గౌరవించడం లేదు, కాసుకుంటున్నారు. పొడిచే గొడ్డుకి ఎడంగా నడిచినట్టు నడుస్తున్నారు. ఆయనకి నా మీద ప్రేమ లేదని అనను. ఉంది, అందుకే సిగ్గు. ప్రేమ లేనివాడైతే మర్నాడే మెకానిక్కు దగ్గరికి వెళ్ళేవాడు.

బండిని దగ్గర్లో ఒక టీ బంకు పక్కన పెట్టారంటే వెళ్ళాను. హ్యాండిలు కొంచెం వంకరపోయింది. కుడిచేత్తో లివరు నొక్కాను. ఏ అడ్డూ లేకుండా వచ్చి పిడికి తగిలింది. ఇంకోసారి నొక్కాను, అంతే. కింద డిస్కు మీద ఆయిలు జిడ్డు మెరుస్తోంది. గొంతుకూర్చుని చూశాను. వైట్‌నర్ గీత ఉంది. చుట్టూ బురద, దుమ్ము, జిడ్డు. గీత మీద మాత్రం ఎవరో రోజూ తుడిచినట్టు తెల్లగా ఉంది. నేను వచ్చి చూస్తానని దాన్ని శుభ్రంగా ఉంచారు. టీ బంకు వాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

తిరిగి ఆయన మంచం దగ్గరికి వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను, నాకు తెలిసింది, క్షమించండి అని. ఆయన నన్ను చూసి, బండికేం కాలేదు కదా బాబూ అని అడిగారు. ఆయన కళ్ళల్లో భయం ఉంది. నేను లివరు నొక్కానేమోనని. ఏం కాలేదండీ అన్నాను. ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. అక్కడే కూర్చుండిపోయాను. ఆయన నా కోసం ఆడిన అబద్ధం ఆయన కోసం నేనూ ఆడుతున్నానని సర్దిచెప్పుకున్నాను. నిజానికి నోరు రాలేదు, అంతే.

ఆ వచ్చిన ఆదివారం అత్తయ్య గారు చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచారు. ఆపద తప్పితే అందరి ముందూ లేచి దేవుడికి కృతజ్ఞత చెప్పడం మాకు ఆనవాయితీ. కొంగు తల మీద కప్పుకుని, కుక్క అడ్డమొచ్చిందనీ, ట్రాక్టరు కిందికి పోవాల్సిన మనిషిని ప్రభువు ఒక్క కాలితో తప్పించాడనీ చెప్పారు. కుక్క అన్నప్పుడు గొంతు తడబడింది. దేవుడి మందిరంలో ఆవిడ చేత అబద్ధం ఆడించింది నేను. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరు గారు మామయ్య గారి కాలి కోసం ప్రార్థించి, నందిగామ నుంచి పరుగున వచ్చి కన్నకొడుకులా చూసుకున్న అల్లుడు గారిని దీవించమని కూడా ప్రార్థించారు. మగవాళ్ళ వరసలో నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆమెన్ అనాలి. అన్నాను.

ఇంట్లో స్పానర్ల పెట్టె తెరవడానికి నాకు చేతులు రాలేదు. మళ్ళీ నేనే విప్పి, ఈసారి సరిగ్గా చేస్తే ఎవరికీ తెలియకుండా సరిపోతుంది కదా అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది. రాగానే నా మీద నాకే రోత పుట్టింది. కట్టు విప్పేశాక, మామయ్య గారు చేతికర్రతో నడవడం మొదలుపెట్టాక, బండంతా ఒకసారి చూపిద్దామని చెప్పి దాన్ని ఆటో ట్రాలీలో ఎక్కించి పేటలో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నేనూ వస్తానన్నారు. వద్దంటే వినలేదు. నా ముందు ఆ కాలిపర్ విప్పుతుంటే నన్ను ఒక్కణ్ణే ఉంచడం ఇష్టం లేదనుకుంటా.

మెకానిక్కు నడివయసు మనిషి. నోరు కొంచెం దురుసు. తెల్లగీత మీద స్పానరు పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. గీత రెండు ముక్కలైంది. నేను మామయ్య గారి వైపు చూడలేదు. కాలిపర్ విప్పి, లోపల వేలు పెట్టి, ఆ రబ్బరు రింగు లాగాడు. నానిన శనగబద్దలా ఉబ్బి, వేలికి అంటుకుని వచ్చింది. నల్లగా గ్రీజు.

"ఎవడండీ దీన్ని ముట్టుకుంది? పెట్రోల్లో కడిగి, గ్రీజు పూసి పెట్టాడు. రబ్బరుకి ఈ రెండూ విషం. బ్రేక్ ఆయిలు తప్ప ఇంకేం తగలకూడదు. మనుషుల్ని చంపుతాడా వాడు?"

"నేనేనయ్యా" అన్నారు మామయ్య గారు, చేతికర్ర మీద వంగి. "ఫోన్లో చూసి చేసుకున్నా. ముసలి బుద్ధి."

ఎంత త్వరగా అన్నారంటే, ఆ మాట ఇంట్లోనే తయారుచేసుకుని వచ్చారని నాకు తెలిసిపోయింది. మెకానిక్కు ఆయన కాలి వైపు చూసి, తల అడ్డంగా ఊపుతూ, ఈ వయసులో నీకెందుకయ్యా ఈ పనులు అని మొదలుపెట్టాడు. నువ్వు అంటున్నాడు. ఆయన తలొంచుకుని వింటున్నారు. నాకు పడాల్సిన తిట్లు, నా కళ్ళ ముందే, ఆయన ఒళ్ళో పడుతున్నాయి. ఇంకొక్క మాట పడితే నేను ఇక ఎప్పటికీ ఆయన మొహం చూడలేననిపించింది.

"ఆయన కాదండీ. నేను చేశా" అన్నాను. "పెట్రోలూ నేనే, గ్రీజూ నేనే. ఆయన చెబితే నాకు కోపమొస్తుందని చెప్పలేదు."

మామయ్య గారు తలెత్తి నన్ను చూశారు. అది ఏం చూపో నేను చెప్పలేను. దొరికిపోయింది ఆయనే అన్నట్టు చూశారు. మా ఇద్దరి మధ్యా ఆ సంగతి మాటల్లోకి రావడం అదే మొదలు. మెకానిక్కు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"మా అల్లుడు గారు" అన్నారు మామయ్య గారు మెల్లగా. "నందిగామలో టీచరు."

మెకానిక్కు మొహం మారిపోయింది. చేతిలోని రింగుని గుడ్డ కింద పెట్టేశాడు. లేచి, స్టూలు దుమ్ము దులిపి నా ముందు వేశాడు. "అట్టనా సార్, కూర్చోండి. బానే చేశారులెండి. ఇప్పుడొచ్చే సీళ్ళే నాసిరకం, మీ తప్పేం లేదు" అన్నాడు. ఎదురు బంకు వైపు చెయ్యెత్తి అల్లుడు గారికి ఒక స్పెషల్ టీ చెప్పాడు.

మామయ్య గారు చేతికర్రతో నిలబడే ఉన్నారు. లేచి ఆయన్ని కూర్చోపెట్టాను, కూర్చోనని చాలాసేపు పెనుగులాడి కూర్చున్నారు. టీ వచ్చింది. పక్కన పెట్టేద్దామనుకున్నాను. ఇద్దరూ నా చేతిలోని గ్లాసు వైపే చూస్తున్నారు.

చివరి చుక్క దాకా తాగాను. తాగకపోతే అలిగాననుకుంటారు.